నేను వెక్కిరించిన టీచరమ్మ

మా అమ్మాయికి లెక్కలు చెప్పిన టీచరమ్మ పోయిన వారం గుండెపోటుతో చనిపోయారు. నగరిలో మాకు మరమగ్గాలున్నాయి. ఆ చప్పుడులో పాప వచ్చి చెప్పింది నాకు వినపడలేదు. "ఏందీ?" అని మళ్ళీ మళ్ళీ అడిగాను. చివరికి మగ్గం ఆపితే, "టీచర్ పోయినారంట నాయనా" అని భోరుమంది.

టీచరమ్మది తిరుత్తణి వైపు. ఇంట్లో అరవం. తెలుగు బాగానే మాట్లాడేవారు గానీ, మాట మొదట్లో 'గ' వస్తే 'క' అని పలికేవారు. గణితం ఆమె నోట కణితం అయ్యేది. అప్పుడు పాప ఆరో తరగతి. రాత్రి భోజనాల దగ్గర నేను ఆమెలా మాట్లాడి చూపిస్తే పొలమారేదాకా నవ్వేది. మీ ఇళ్ళలోనూ ఇలాంటి నవ్వులు ఉండే ఉంటాయి. బిడ్డను నవ్విస్తున్నాననే అనుకున్నాను. టీచరంటే లెక్కలేనితనం నేర్పుతున్నానని తోచలేదు.

ఒకరోజు క్లాసులో పాప లేచి, "కణితం పుస్తకం తేలేదు టీచర్" అందట. పిల్లలంతా గొల్లుమన్నారట. ఆ సాయంత్రం టీచరమ్మ పాపను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. సంగతి వినగానే నేను పాప మీద లేచాను.

"ఎవురే నీకు ఈ బుద్ధులు నేర్పింది?"

పాప నా వైపు చూసింది. నువ్వేనని అనలేదు. తల దించుకుంది.

టీచరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "తిట్టొద్దన్నా. ఇంట్లో ఇన్న మాటే పిల్లోళ్ళు బడికి తెస్తారు" అన్నారు మెల్లగా. ఆమె పాప పక్కన చాప మీద కూర్చున్నారు.

"నాకు ఆ అక్షరం రాదు, నీకు భిన్నాలు రావు. బడి వదిలినాక కొంచేపు కూసుందామా? నువ్వు నాకు నేర్పు, నేను నీకు నేర్పుతా."

అలా మొదలైంది వాళ్ళ స్నేహం. లెక్క తప్పితే పుస్తకం దాచేసే పిల్ల, తప్పును తనే తీసుకెళ్ళి చూపించడం నేర్చుకుంది. "నాకు సూపిస్తేనే కదా, యాడ తప్పినావో తెలిసేది" అనేవారట టీచరమ్మ. "ఈ పొద్దు టీచర్ గుమ్మడికాయ అనింది నాయనా!" అని పాప సంబరంగా వచ్చి చెబితే, నేను తెగిన పోగు వెతుకుతున్నట్టు మగ్గం మీదికి వంగేవాణ్ణి.

కూరగాయల అంగట్లో ఎదురైతే ఆమే ముందు పలకరించేవారు. "పాప బాగా చేస్తా ఉండాదన్నా." తప్పయిపోయిందమ్మా అనే మాట నోటిదాకా వచ్చేది. వంకాయలు ఏరుకుంటూ మింగేసేవాణ్ణి. ఎక్కడికి పోతారులే, ఇంకోసారి చెబుదామనుకున్నాను.

చివరి చూపు చూసి పాపతో తిరిగొస్తూ దారిలో బండి ఆపాను.

"ఆ పొద్దు నిన్ను తిట్టినాను. తప్పు నాది పాపా."

"టీచర్‌కు తెలుసు నాయనా. మీ నాయన నిన్ను నవ్వించాలని అన్నాడంతే, ఆయన మీద కోపం పెట్టుకోవద్దని నాకు అప్పుడే చెప్పినారు."

ఇన్నాళ్ళూ నా బిడ్డ దగ్గర ఆమె నన్ను కాపాడుతూ వచ్చారు. నాకది తెలియనే తెలియదు. మళ్ళీ బండి నడపలేక దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. పాప నా చొక్కా అంచు పట్టుకుని పక్కనే నిలబడింది.