యానాంలో పన్ను పెరగాలని అత్తమ్మ ప్రార్థన

ఉమ్మడి రాష్ట్రం ఉన్న ఆ రోజుల్లో, పత్రికలో కొత్తగా చేరిన నాకు, చుట్టరికాలు ప్రేమ మీదే నిలబడతాయనే నమ్మకం ఉండేది. కొన్ని పన్నుల తేడా మీద నిలబడతాయని అల్వాల్‌లో మా మేనత్త ఇంట్లో తెలిసింది. మామయ్య మిలిటరీలో పనిచేసి, రిటైరయ్యాక చనిపోయాడు. ఆయన భార్యగా అత్తమ్మకు మిలిటరీ క్యాంటీన్‌లో నెలనెలా రమ్ము కోటా వచ్చేది. బయట కొంటే ధరలో పెద్ద వాటా రాష్ట్రం పన్నే. క్యాంటీన్‌లో ఆ భారం తక్కువ. (అత్తమ్మ తాగుడు పాపమని చర్చిలో సాక్ష్యం చెప్పే మనిషి. సీసాను చేత్తో ముట్టుకోకుండా పాత తువ్వాలుతో పట్టుకునేది.) అయినా నెల మొదటి ఆదివారం మేనల్లుళ్లం అందరం హాజరు. కోడికూర, బగారన్నం, నవ్వులు, పోయేటప్పుడు తలా ఒక సీసా. నేను తాగను కనుక నా వంతు అత్తమ్మకు తెలియకుండా మా అన్నయ్య సంచిలోకి పోయేది.

ఆ అన్నయ్యకే కాకినాడ బదిలీ అయింది. పక్కనే యానాం. మన జిల్లాల మధ్యే ఉన్నా అది పుదుచ్చేరి పాలనలోది, మద్యం మీద పన్ను బాగా తక్కువ. అన్నయ్య ఇంటికొచ్చినప్పుడల్లా సూట్‌కేసులో రకరకాల సీసాలు దిగేవి. "ఇంక అత్తమ్మ రమ్ము ఎవడికి కావాలె రా!" అన్నారు మావాళ్లు. తరువాతి నెల మొదటి ఆదివారం అల్వాల్‌కు నేనొక్కణ్ణే వెళ్లాను. పదిమందికి వండిన కూర అలాగే ఉంది.

"పేపర్ల పనిచేస్తవ్ గదా, గా యానాంల పన్ను ఎప్పుడు పెంచుతరు రా?" అంది అత్తమ్మ.

"తెల్వదు అత్తమ్మా."

"జెర పెంచితే మంచిగుంటది. రోజూ ప్రార్థన చేస్తున్న."

నవ్వాపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. వెళ్తుంటే తువ్వాలుతో సీసా పట్టుకుని ఎదురొచ్చింది.

"వద్దత్తమ్మా, నేను తాగను."

ఆమె ముఖం వాడిపోయింది. "మరి నువ్వెందుకొస్తున్నవ్ రా?"

చూడాలనిపించి వస్తున్నానంటే నమ్మేలా లేదు. తల గోక్కుని, "ఈ మధ్యనే షురూ చేసిన," అన్నాను.

అంతే! "షరం లేదారా? మీ నాయన పరువు తీస్తవా?" అంటూ వాకిట్లో నిలబెట్టి చెడామడా తిట్టింది. తిడుతూనే సీసాను నా సంచిలో భద్రంగా సర్దింది. "వచ్చే నెల సుత రా," అంది.

ఆమె పోయేదాకా ప్రతి నెలా వెళ్లాను, ప్రతి నెలా తిట్లు తిన్నాను. ఆనాటి అత్తమ్మ వయసు ఇప్పుడు నాకు వచ్చింది. ఎవరైనా తలుపు తడితే, ఎందుకొచ్చారని అడగడం మానేశాను. కూర్చోమంటాను.