మా ఇంటి రెండు సింహాలు

నిన్న ఇక్కడ హారిస్ పార్క్‌లోని ఇండియా సరుకుల కొట్టులో బియ్యం బస్తాలు దింపుతున్నారు. ఆ వాసనా, సంచి మీద కిరీటం మోస్తున్న రెండు ఎర్ర సింహాలూ కలిసి నన్ను మళ్ళీ మూడో క్లాసులో కూర్చోబెట్టాయి.

ఆ రోజు టీచర్ మధ్యయుగపు యోధుల గురించి చెప్పారు. ఇనుప శిరస్త్రాణంలో ముఖం కనబడదు కాబట్టి, డాలు మీది వంశచిహ్నం చూసి మనవాడో పరాయివాడో పోల్చుకునేవారట. మీ ఇంటి చిహ్నం వెతికి గీసుకురమ్మన్నారు.

నాకు వెతికే పనే లేదు! మా ఇంట్లో ఆ సింహాలు లేనిదెక్కడ? అమ్మ కూరగాయల సంచి మీద అవే, గ్యారేజీలో పాతబట్టల మూట మీదా అవే. ఇండియా వెళ్ళినప్పుడు ఎయిర్‌పోర్టు బెల్టు మీద వాటిని చూసే కదా, నాన్న "అదిగో, మనదే!" అని పరుగెత్తింది!

డాలంత అట్ట మీద ఎర్రరంగు అయిపోయేదాకా గీశాను. క్లాసంతా చప్పట్లు. గాల్లో తేలుతూ ఇంటికొచ్చి, "నాన్నా, వియ్ ఆర్ రాయల్!" అని అరిచాను.

అమ్మ పగలబడి నవ్వింది. "అది బియ్యం కంపెనీ బొమ్మే, పిచ్చిపిల్లా!"

నాన్న మాత్రం అట్టను రెండు చేతులా ఎత్తి చూశాడు. "నవ్వుతావేంటి? మా తాతలూ ముత్తాతలూ వరి నాట్లేసినోళ్ళేగా. మనకి ఇంతకన్నా సరైన గుర్తు ఎక్కడ దొరుకుద్ది?" అంటూ హాల్లో తన డిగ్రీ పటం తీసేసి, ఆ మేకుకే నా డాలు తగిలించాడు.

ఇంట్లో బియ్యం నిండుగానే ఉన్నాయి. అయినా నిన్న ఒక బస్తా కారెక్కించాను. మనవాళ్ళు కనబడ్డాక వదిలేసి ఎలా వస్తాం?