మా బాబాయి, ముప్పావు వంతు కొట్టు

మా బాబాయికి ఒక్కటే జబ్బు. కంటబడ్డ ప్రతి చోటునీ చూసి "ఇది ఏ వాడుకకి?" అని అడుగుతాడు. అడిగి ఊరుకుంటే బాగానే ఉండును. జేబులోంచి టేపు తీసి కొలుస్తాడు కూడా.

ఆయన మున్సిపల్ ఆఫీసులో ప్లానింగ్ ఇన్‌స్పెక్టరు. మా పేట షాపింగ్ సెంటర్లో ఏ కొట్టు ఉండొచ్చో, ఏది ఉండకూడదో చూడటం ఆయన పని. మందుల కొట్టు, పుస్తకాల కొట్టు పెట్టుకోవచ్చు. వర్క్‌షాపు పెట్టకూడదు. బాగానే ఉంది. కానీ ఆఫీసుని ఐదింటికి మూసేస్తారు, మా బాబాయిని మూసేవాళ్లేరీ?

నేను భోజనాల బల్ల మీద పుస్తకాలు పరిస్తే చాలు, "ఒరే, ఇక్కడ చదువుకి పర్మిషన్ లేదు!" అంటాడు. పిన్ని హాల్లో టీవీ చూస్తూ కూరలు తరిగితే నోటీసు ఇచ్చినంత పని చేస్తాడు.

"హాల్లో ఆహార తయారీ ఏమిటే?"

"తయారయ్యాక మింగేటప్పుడు అడగరేం?" అంటుంది పిన్ని.

ఈ గోల ఇంట్లో ఉన్నంతకాలం నవ్వుకున్నాం. అది మిక్సీ అక్క కొట్టు దాకా వెళ్లాక నవ్వు రాలేదు.

షాపింగ్ సెంటర్లో ఎనిమిదేళ్లుగా మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే ఆవిడని పేటంతా మిక్సీ అక్క అంటుంది. ఆ కొట్టే ఆమెకీ, మంచాన పడ్డ తల్లికీ ఆధారం. పక్కనున్న చెప్పుల కొట్టాయనకి గోడ కొట్టేసి తన కొట్టు పెంచుకోవాలని బుద్ధి పుట్టింది. "రిపేరంటే వర్క్‌షాపే కదా" అని ఫిర్యాదు పెట్టాడు. ఆ ఫైలు మా బాబాయి చేతికే వచ్చింది. ఆయన టేపు పట్టుకుని బయల్దేరితే నేనూ వెంటపడ్డాను.

"సార్, మీ ఇంటి మిక్సీ బాగుచేసింది నేనే కదా!" అంది అక్క, పాపం.

"అది వేరే ఫైలు" అన్నాడు బాబాయి. కొలిచాడు, రాసుకున్నాడు. "పదిహేను రోజుల్లో మళ్లీ వస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే ఖాళీ చేయాలి."

నాకు ఒళ్లు మండిపోయింది. "బాబాయ్, నీకసలు గుండె ఉందా?"

"ఉంది. ఎడమవైపు. పర్మిషన్ ఉన్నచోటే."

ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయనేమో ఇల్లు తవ్వడం మొదలుపెట్టాడు. "ఒక ఇంటికి రెండు మిక్సీలేమిటి?" అని పాతది పట్టుకుపోయాడు. ఇస్త్రీపెట్టె, టేబుల్ ఫ్యాను, పిన్నికి వాళ్లన్నయ్య కొనిచ్చిన గ్రైండరు కూడా మాయమయ్యాయి. పక్కిళ్లకీ వెళ్లి "మీ అటక ఏ వాడుకకి?" అని తగులుకున్నాడట. "ఈయనకి పూర్తిగా ముదిరింది" అని పిన్ని తల పట్టుకుంది.

పదిహేనో రోజుకి మా ఇంట్లో మిగిలిన ఒక్క మిక్సీ కూడా మొరాయించింది. పిన్ని దాన్ని చంకన పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని అక్క కొట్టుకి వెళ్లింది.

గుమ్మంలోనే ఆగిపోయాం. మూడు గోడలకీ అలమరలు. వాటి నిండా పేట అటకల మీది సరుకంతా, తుడిచి, బాగుచేసి, 'అమ్మకానికి' అని చీటీలంటించి ఉంది. పిన్ని గ్రైండరు పై వరసలో మెరిసిపోతోంది. వెనక మూల ఒక్క బల్ల దగ్గర అక్క ఒదిగి కూర్చుంది. మా బాబాయి నేల మీద మోకాళ్లు ఆనించి కొలుస్తున్నాడు. చెప్పుల కొట్టాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"రూలేమంటోందంటే, ముప్పావు వంతు చోటులో అమ్మే సరుకుంటే, మిగతా పావు వంతులో రిపేరు చేసుకోవచ్చు" అన్నాడు బాబాయి. చివరి అలమర దగ్గర టేపు ఆగింది. ఆయన మొహం వాడిపోయింది. "ఒక్క అడుగు ఖాళీ. చాలదమ్మా."

చెప్పుల కొట్టాయన ఇకిలించాడు. అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కావాలంటే బాబాయి ఆ అడుగు చూడనట్టు ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆయన మా బాబాయే కాడు.

పిన్నికి అప్పటికి సంగతంతా తెలిసిపోయింది. చంకలోని మిక్సీని ఆ ఖాళీలో టక్కున పెట్టింది. "అక్కా, బాగుచేసి దీనికీ ఓ చీటీ అంటించు. ఇప్పుడు కొలవండి!"

బాబాయి మళ్లీ కొలిచాడు. ఫైల్లో 'అనుమతించిన వాడుక' అని రాసి సంతకం పెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "దుమ్ము" అన్నాడు. నేను వెళ్లి ఆయన టేపు చుట్టిపెట్టాను.

దారిలో ఆయనకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. "ఏమేవ్, మరి మనింట్లో మిక్సీ?"

"ఒక్కటీ లేదు. రేపట్నించి మీరే కూర్చుని రుబ్బండి" అంది పిన్ని. "వంటింట్లో ఆ వాడుకకి మీకు పర్మిషన్ ఇచ్చేశా."