పొయ్యిల వేసిన మాట

నా గుండె మీద ఇన్నేండ్ల సంది ఒక బరువున్నది. దించుదామంటె నోరు రాలే. ఇయ్యాల దించుత. నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెప్తున్న, పక్కింటి షహనాజ్ టీచర్ రాస్తున్నది. చదివేటి నువ్వు ఎవరివో నాకు ఎరుకలేదు. అందుకే నీకు చెప్పబుద్ధయితున్నది.

మాది బెల్లంపల్లి. నా పెనిమిటి రాజలింగు బొగ్గుబాయిల కప్పు కూలి సచ్చిపోయిండు. మనుషులను లోపలికి పంపేముందు, బాయిల పని చూసే సర్దారు కప్పును కర్రతోని కొట్టి చూడాలె. గట్టిగుంటె ఖంగుమంటది. పగులుంటె డొల్లగ పలుకుతది. డొల్లగ పలికితె ఎవ్వరిని తోలొద్దు. ఆ పొద్దు సర్దారు మల్లయ్య. "నేను వద్దన్న, రాజలింగే మొండికేసి పోయిండు" అని ఆయన కాగితం మీద రాయించిండు. సచ్చినోడు లేచొచ్చి కాదంటడా? అందరు వాని తప్పే అన్నరు. నా ముంగటనే అన్నరు.

కరోనా ముందటేడు మల్లయ్య కొడుకు రవి పొట్టి సిన్మ తీసిండు. ఇంగ్లీషోళ్ల పాత కతట. మనిషి పుట్టకముందు నించి భూమి కింద ఏందో పండుకొని ఉంటదట. దానికి మన మీద పగ లేదు, ప్రేమ లేదు, మనం ఉన్నమని సుత తెల్వదట. ఒక ముసలి సర్దారు కప్పును కొడితె, అవతలి నించి అది మళ్ల కొడతదట. కూలిపోయిన క్వార్టర్లల్ల నల్లబట్టలు కట్టి బాయి చేసిండ్లు. ట్రాక్టరు ట్యూబులు కోసి దాని చేతులు చేసిండ్లు. పొగకు నా బొగ్గుపొయ్యే దిక్కు. "చిన్నమ్మా, మా దయ్యం కంటె నీ పొయ్యికే ఎక్కువ భయమైతుంది" అని కెమెరా పిలగాడు దగ్గుకుంట నవ్వేటోడు. వాళ్లకు వంట నాదే.

రవి మంచోడే. గోడకున్న రాజలింగు టోపీ అడిగితె ఇచ్చిన. సొట్టపడ్డ టోపీ. బాయిల నించి వాపస్ వచ్చింది గదొక్కటే. ఎవరు పెట్టుకుంటరని నేనెందుకు అడుగలే?

ఆఖరు దినం పగటాల మల్లయ్య నా వాకిట్లకు వచ్చిండు. ఆ టోపీ నెత్తి మీద పెట్టుకొని. ముసలి సర్దారు వేషం ఆయనదేనట. అప్పుడే ఆయన సీను అయిపోయింది. పోరగాండ్లు సప్పట్లు కొడుతుండ్రు, ఏం యాక్టింగ్ సర్దారు సాబ్ అనుకుంట. ఆయన కండ్లు ఎర్రగున్నయ్. అన్నం ముట్టలే. నేను ఏమనుకున్ననో తెలుసా? నా మొగని సావును ఆడి చూపెట్టి సప్పట్లు మింగుతుండు అనుకున్న. చేతిల గంటె ఉండె. దాంతోని కొట్టకపోవుడే గొప్ప.

కెమెరా కిరాయిది, సాయంత్రం కరీంనగర్ పోవాలె. రవి దాంట్లకెల్లి సిన్మ ఎక్కిన చిప్పు, వాళ్లు కార్డు అంటరు, అది తీసి నా కుంకుమ బరిణెల పెట్టిండు. ఖాళీ బరిణె, బొట్టు పెట్టుకోని ఇంట్ల ఎవరు ముడ్తరు? "పైలం చిన్నమ్మా, మా నాయన సీను మొత్తం దీంట్లనే ఉన్నది" అన్నడు. వాళ్లు తినుకుంట కూసున్నరు. నేను బరిణె తీసిన. చిప్పును పొయ్యిల వేసిన. జర సేపు పాడు వాసన వచ్చింది. పప్పు మాడిందన్న. నిజం చెప్తున్న, పాణం సల్లగయింది.

బరిణెల చిప్పు లేకపోయేసరికి, మూత తనే సరిగ పెట్టలేదేమో, ఎక్కడనో జారిపడ్డదేమో అన్నడు రవి. వాళ్లు ఇల్లంత దేవులాడిండ్లు. వాళ్లతోని నేను సుత దేవులాడిన.

ఆ తర్వాత మల్లయ్య సచ్చిపోయిన్నాడు రవి వచ్చి నా ముందల కూలబడ్డడు.

"చిన్నమ్మా, ఆ దినం మా నాయన నేను రాసిన మాటలు చెప్పలే."

"మరేం చెప్పిండు కొడుకా?"

"కప్పు కొట్టి, 'రాజలింగూ, డొల్లగ పలికింది, నాకు తెలుసు. నేనే నిన్ను తోలిన' అని ఏడ్చిండు. మేం యాక్టింగ్ అనుకున్నం. కార్డు పోయినంక మళ్ల చెయ్యమంటె నోరు తెర్వలే. సచ్చేదాంక దొరికిందా, దొరికిందా అని అడుగుతనే ఉన్నడు. ఆ సీను నీకు చూపెట్టాలనేనట."

నేను ఏమంటి? చాయ్ తాగుతవా అంటి.

చూడు నా బతుకు. నా మొగని పేరు కడిగే మాట నా చేతికొస్తె, నేనే కాల్చిన. ఇంకో మాట సుత చెప్త, అసహ్యించుకుంటె అసహ్యించుకో. దొరికిందా అని అడుగుకుంట సచ్చిండంటె, నా లోపల ఎవరో నవ్విండ్లు. బరువు దించుకొని పోదామనుకున్నడు, నేను దించుకోనియ్యలే. తెలిసి చేసినా ఇంత మంచిగ పగ తీరకపోవు. మరి ఆ నవ్వు ఎక్కువనా, రాజలింగు పేరు ఎక్కువనా? రాత్రిళ్లు కాదు, పట్టపగలు, అన్నం వండుతనే నన్ను నేను అడుగుత.

రవికి ఇయ్యాల్టిదాంక ఎరుకలేదు. కార్డు తానే పారేసుకున్ననని వాడు మళ్ల కెమెరా పట్టలే. వాని మీద నాకు పగ లేకుండె. కాని ఆ దెబ్బ వానికే తాకింది.

మల్లయ్యను నేను మాఫ్ చెయ్యలే. నన్ను మాఫ్ చెయ్యమని ఎవరిని అడుగుత లేను.

టీచరమ్మా, ఇది పెద్దగ రాయి. చిప్పు పోలే, నేనే కాల్చిన. కప్పు డొల్లగ పలికింది. రాజలింగు మొండికేసి పోలే, మల్లయ్య సర్దారు తోలిండు. కాల్చినదాని మాట ఎవరు నమ్ముతరు? నమ్మకున్నా సరే. రాసినవా? ఏది, ఒకసారి చదువు, విననియ్యి.