వేడెక్కని ఆంప్లిఫయర్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద, చీరల దుకాణాల వెనక సందులో యాదలక్ష్మి షాపు. ముప్ఫై ఏళ్ల కింద నల్లగొండ పక్క పల్లె నుంచి కొత్త కోడలిగా పట్నం వచ్చి, టీవీలు తయారుచేసే ఓ కంపెనీలో టంకం పనికి కుదిరింది. ఆ కంపెనీ మూతపడ్డాక ఆంప్లిఫయర్ల రిపేరు నేర్చుకొని సొంతంగా కూర్చుంది. ఆడమనిషి ఏం బాగుచేస్తుందిలే అని గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లే, ఇంకెక్కడా పని కాక మళ్లీ వచ్చారు.

తర్వాత్తర్వాత తనే ఆంప్లిఫయర్లు కట్టడం మొదలుపెట్టింది. రాగి తీగ చుట్టిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, వేడి పోవడానికి అల్యూమినియం రెక్కలు. ఒక్కొక్కటి బియ్యం మూటంత బరువు. "బరువుంటెనే గొంతుంటది" అనేది. కొత్తగా వస్తున్న, చేతిలో ఇమిడే తేలికపాటి క్లాస్ డీ రకం ఆంప్లిఫయర్లను చూస్తే ఆమెకు నవ్వు. "గవి ఆటబొమ్మలు. ఫోన్ల పాటలకైతే సరే."

మన్సూరాబాద్‌లో వీణ నేర్పే సూర్యప్రభ ఆమె పాత కస్టమరు. రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడ్డావిడ. నిరుడు ఎండాకాలం ఆవిడే ఫోన్ చేసింది.

"యాదలక్ష్మీ, నీ పెట్టె బంగారమేగానీ, భుజం నొప్పితో అటూ ఇటూ జరపలేకపోతున్నానమ్మా. పైగా అది వేడెక్కితే గదిలో కూర్చోలేం. చిన్నది ఏదైనా చేసిపెట్టవూ?"

యాదలక్ష్మి ఇష్టం లేకుండానే ఒక క్లాస్ డీ బోర్డు తెప్పించి, డబ్బాలో బిగించి పట్టుకుపోయింది. సూర్యప్రభ తమ గురువుగారి వీణ రికార్డు పెట్టి, నిమిషం వినగానే మొహం చిట్లించింది.

"ఇది మా గురువుగారి వీణ కాదమ్మా. పళ్లెం మీద చెంచా గీసినట్టుంది."

తన మాటే నిజమైందని యాదలక్ష్మి సంబరపడాల్సింది. కానీ ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నా మనసు ఊరుకోలేదు. షాపు స్పీకర్ల మీద బాగానే పలికింది కదా, టీచరమ్మ స్పీకర్ల మీద ఎందుకు గీరుకున్నది?

నాలుగు రోజులు దానితోనే కూర్చుంది. ఈ రకం సెకనుకు లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది. అందుకే కరెంటు వేడిగా వృథా కాదు. చివర్న ఒక తీగచుట్ట ఆ ఆన్ ఆఫ్‌లను కరిగించి పాటగా మారుస్తుంది. తను తెచ్చిన బోర్డు తప్పొప్పులు సరిచూసుకునేది ఆ చుట్టకు ముందే. చుట్ట దాటాక వచ్చే తేడాను అది పట్టుకోలేదు. అందుకే స్పీకరు మారితే గొంతూ మారుతోంది. చుట్ట దాటాక సరిచూసుకునే కొత్త బోర్డు ఉందని తెలుసుకొని, మూడు వారాలు ఆగి తెప్పించింది.

ఈసారి మన్సూరాబాద్‌లో పాతదీ కొత్తదీ దుప్పటి వెనక పెట్టింది. "మీరు గోడ దిక్కు తిరుగుండ్రి టీచరమ్మా. ఏది ఏదో చెప్పొద్దు, ఏది మంచిగున్నదో చెప్పుండ్రి."

మార్చి మార్చి మూడుసార్లు వినిపించింది. మూడుసార్లూ సూర్యప్రభ ఒకటే మాట. "రెండోదే. అదే నా పాతది, నాకు తెలీదూ!"

యాదలక్ష్మి దుప్పటి తీసింది. రెండోది కొత్తది. మూత మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు.

"నా ఇన్నేండ్ల మాట తప్పాయె టీచరమ్మా" అంది. గొంతులో కొంచెం దిగులుంది.

"మాట పోతే పోయింది. చెవి పోలేదుగా! అప్పుడు తెచ్చిన ఆ మొదటి డబ్బాతోనే వదిలేసి ఉంటే?" అని సూర్యప్రభ పకపకా నవ్వింది. యాదలక్ష్మికీ నవ్వాగలేదు.

ఇప్పుడు షాపులో రెండు రకాలూ కడుతోంది. అడిగినవాళ్లకు మాత్రం "ఇగ వచ్చే దినాలు గీ చిన్నవాటివే" అని ఒప్పుకుంటుంది. తుర్కయంజాల్ నుంచి ఒకాయన నిరుడే ఒక చిన్నది కట్టించుకొని, మొన్న తన అన్నను వెంటబెట్టుకొచ్చాడు. ఈ బోర్డుల మీద ముక్కలు నువ్వు గింజలంతే ఉంటాయి. అందుకని లైటున్న భూతద్దం ఒకటి కొనుక్కుంది. దాని కింద తల వంచి, "ఈ వయసుల మళ్ల ఒకటో తరగతి" అనుకుంటూ, హాయిగా పనిలో పడిపోతుంది.