కత్తెర దొరకని పెద్దమ్మ

మా పెద్దమ్మది నిదానం. మాట చిన్నదే, ఆవిడ నిదానం మాత్రం చిన్నది కాదు. ఎదురుగా ఆగిన బస్సు కోసం బయలుదేరితే ఆవిడ ఎక్కేది ఎప్పుడూ దాని తర్వాతి బస్సే. టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి, కిటికీలో మబ్బు కనబడితే అక్కడే ఆపేసేది. మబ్బు దాటిపోయాక, టీ చల్లారిందని మళ్లీ వేడి చేయించేది. "మీ పెద్దమ్మకి తుమ్ము రాబోతుంటే నేను బజారుకెళ్లి రుమాలు కొనుక్కొచ్చా," అనేవారు పెదనాన్న.

ఇంతకీ ఆవిడ ఉద్యోగం పురుళ్ల ఆసుపత్రిలో నర్సు. బిడ్డలు ఆవిడ కోసం ఎలా ఆగుతున్నారో ఎవరికీ అంతుబట్టలేదు.

నా కాన్పూ ఆవిడ చేతిమీదే. నాకు మూడు వారాలు ముందే నొప్పులొచ్చాయి. పురుడు గది గోడమీద 'తల్లిపాలే అమృతం' అని పెద్ద పెద్ద అక్షరాలు. పెద్దమ్మ వాటికేసి చూసి, "అమృతమే. ఇనుమే కాస్త తక్కువ. అది రాయడానికి గోడ చాల్లేదు," అంది.

"మరి బిడ్డకెలా?"

"పిల్లలు ఓ ఆర్నెల్లకి సరిపడా ఇనుము కడుపులోనే మూట కట్టుకుని వస్తారే. ముందొచ్చేవాళ్ల మూట చిన్నది. బొడ్డుతాడులో మిగిలిన రక్తం కూడా బిడ్డలోకి వెళ్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది. డాక్టరు గబుక్కున కోసేస్తే అదంతా బకెట్లోకి పోయినట్టే."

పిల్ల పుట్టింది, ఏడ్చింది, నా పొట్టమీదికి చేరింది. కుర్ర డాక్టరు చెయ్యి చాచాడు.

"నర్సమ్మా, కత్తెర."

"ఇస్తున్నా బాబూ." చేతిలో ట్రేతోనే ఒక సొరుగు తెరిచింది. మూసింది. ఇంకోటి తెరిచింది.

"నర్సమ్మా."

"ఇక్కడే ఉండాలే... అమ్మగారి మోకాలు ఎలా ఉంది బాబూ?"

"బాగానే ఉంది. కత్తెర."

"ఎడమదేనా?"

"కుడిది. కత్తెర ఇవ్వండి."

గదంతా నీళ్లలో మునిగినట్టు మెత్తబడింది. పరదా నెమ్మదిగా ఉబ్బి, దిగింది. పిల్ల కళ్లు తెరిచి, తను వదిలొచ్చిన చోటేదో గుర్తుచేసుకుంటున్నట్టు చూసింది. మా ఇద్దరి మధ్య తాడు నీలంగా, లావుగా కొట్టుకుంటోంది. చూస్తుండగానే తెల్లబడింది, మెత్తబడింది, ఆగింది.

"హమ్మయ్య, దొరికింది," అంది పెద్దమ్మ. కత్తెర తీసింది చేతిలో ఉన్న ట్రేలోంచే, గుడ్డ కిందనుంచి. పడుకుని ఉన్న నాకు స్పష్టంగా కనబడింది.

డాక్టరు వెళ్లాక అడిగాను. "ఆయనకి చెప్పెయ్యొచ్చుగా పెద్దమ్మా?"

"కొత్తలో ఒకాయనకి చెప్పా. నర్సు మాట వినలేదు. నేను నిదానం మనిషినంటే మాత్రం ఇట్టే నమ్మాడు."

"మరి ఆ బస్సులూ, టీలూ?"

"ఒక్క ఈ గదిలోనే నిదానమైతే అనుమానం రాదూ? ముప్పై ఏళ్లు నడిపించాలంటే అన్నిచోట్లా చెయ్యాలి." దుప్పటి సర్దింది. "దీనికి ఇనుము చుక్కలు ఎప్పట్నుంచి వెయ్యాలో డాక్టర్ని అడిగి రాయించుకో. ఆర్నెల్లు నిండగానే మెత్తగా చేసిన మాంసం, గుడ్డు, పప్పు పెట్టు, నీ పాలూ ఇస్తూ ఉండు. నన్ను చూసి ఆలస్యం చెయ్యకు."

చివరి గదిలోంచి ఎవరో నొప్పులతో అరిచారు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి వరండా అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది.