ఎంకమ్మ బీరతీగ, లింగం మేక

ఎంకమ్మకు దవాఖానలో ఉన్న పని ఒక్కటే: పోట్లాట. జబ్బు లేదు, మందు అక్కర్లేదు. పొద్దున తొమ్మిదింటికల్లా ఇబ్రహీంపట్నం దగ్గరి ఆ పల్లె దవాఖానకొచ్చి, బెంచీ మీద కూర్చుని, అటెండరు లింగంతో గొడవ పెట్టుకునేది. ఊరికి వాన తప్పినా ఆ గొడవ తప్పేది కాదు.

గొడవ కూడా ఎప్పుడూ ఒక్కటే.

"నీ మేక నా బీరతీగ తిన్నదా లేదా?"

"ఆ మేక సచ్చి ఆరేండ్లయింది పెద్దమ్మా!"

"మేక సస్తే నా తీగ మొలుస్తదా?"

లోపలి గదిలో నర్సు నర్మద నెత్తి పట్టుకునేది. ఉన్నవి రెండే గదులు. మధ్య తలుపును చెదలు తినేశాక పై ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాసింది. తలుపూ రాలేదు, జవాబూ రాలేదు. అక్కడ ఒక పాత చీర కట్టింది. చీరకు అవతలే బీపీ చూపించుకునే ముసలాయనల బెంచీ. రోజుకు అరవై మంది, పైన ట్యాబులో ఎక్కించే వివరాలు, ఆపైన ఈ బీరతీగ. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నా చెవుల్లో ఆ చచ్చిన మేకే అరిచేది.

ఒకరోజు ఆమె ఓపిక అయిపోయింది. చీర పక్కకు లాగి, "ఎంకమ్మా, నీకో దండం. రేపటి సంది రాకు. వచ్చినా నోరు తెరవకు," అంది.

ఎంకమ్మ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు వారాలు దవాఖాన ఎంత ప్రశాంతంగా ఉందో! ఒక్కటే వింత. వచ్చిన ఆడవాళ్లందరికీ తలనొప్పే. పెళ్లికాని పిల్లకు తలనొప్పి, చూలాలికి తలనొప్పి, డెబ్బై ఏళ్ల అవ్వకూ తలనొప్పే. గోలీ తీసుకోవడం, పోవడం. ఊళ్లో ఆడవాళ్ల జబ్బులన్నీ ఒక్కసారే తలకెక్కాయేమిటా అని నర్మద ఆవులిస్తూ ఆశ్చర్యపోయింది.

సోమవారం లాస్య వచ్చింది. కాన్పయి ఏడు నెలలు. ఈమధ్యే ఆదిభట్లలో ఉద్యోగానికి మళ్లీ వెళ్తోంది.

"ఏమైంది బిడ్డా?"

"తలనొప్పండీ," అని లాస్య చీర వైపు చూసింది. అవతల ముసలాయనలు దగ్గడం కూడా మానేసి వింటున్నారు. "అదొక్కటే కాదు... ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానండీ," అని ఆగిపోయింది. మళ్లీ చీర వైపు చూపు. "ఆ గొడవపడే పెద్దావిడ రాలేదా?"

"ఆమెతోని నీకేం పని?"

లాస్య గొంతు తగ్గించింది. "ఆవిడ అరుస్తుంటే మన మాట బయటికి వినపడదు కదండీ. ఆవిడున్న రోజే వెళ్లమని పక్కింటక్క చెప్పింది."

నర్మద చేతిలో పెన్ను కింద పెట్టేసింది. అవును, ఆడవాళ్లు లోపలికొస్తేనే ఆ గొడవ మొదలయ్యేది; మగవాళ్లు లోపలుంటే ఎంకమ్మ ఎన్నడూ కిక్కురుమనలేదు. రెండేళ్లుగా వింటూ ఆ సంగతే గమనించలేదు. చాలా సిగ్గేసింది. లాస్యను కూర్చోబెట్టి, లింగానికి సంగతి చెప్పి, ఎంకమ్మను తీసుకురమ్మని బండి మీద పంపింది.

ఎంకమ్మ వచ్చింది. బెంచీ మీద కూర్చుని మూతి బిగించుకుంది.

"తప్పు నాదే ఎంకమ్మా. జర లొల్లి చెయ్యవా?"

"నోరు తెరవొద్దంటివి గద సిస్టరమ్మా. తెరువ."

లోపల లాస్య వెళ్లిపోదామని బ్యాగు భుజానికి తగిలించుకుంది.

అప్పుడు లింగం గొంతు సవరించుకున్నాడు. "ఓ పెద్దమ్మా! అవ్, నీ తీగ తిన్నది నా మేకనే. నేనే ఇడిసిపెట్టిన. ఏం జేస్తవ్?"

అంతే. ఎంకమ్మ లేచిన ఊపుకు బెంచీ చివరున్న ముసలాయన కింద పడబోయాడు. మేకను, దాని తల్లిని, లింగం ఏడు తరాలను వరసపెట్టి తిట్టింది. ఆ చప్పుడులో లాస్య బ్యాగు దించింది. నవ్వినా, దగ్గినా బట్టలు తడిసిపోతున్నాయనీ, కంపెనీ బస్సు ఎక్కాలంటే భయమేస్తోందనీ ఏడుస్తూ చెప్పింది.

నర్మద ట్యాబు పక్కన పెట్టి అంతా విన్నది. "కాన్పయినోళ్లల్ల మస్తు మందికి అయితది బిడ్డా. దీనికి కసరత్తులున్నయ్, నేర్పిస్త. నౌకరి ఎందుకిడుస్తవ్?"

ఎంకమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగి, చీర దగ్గర తల పెట్టి మెల్లగా అడిగింది. "సిస్టరమ్మా, అయిపోయిందా?"

"ఇంక ఐదు నిమిషాలు."

ఎంకమ్మ లింగం వైపు తిరిగి నడుం మీద చెయ్యి పెట్టింది. "బీరతీగ సరే. నా సొరపాదు సంగతేందిరా?"

ఎంకమ్మ సొరపాదు ఎన్నడూ పెట్టలేదు. అయినా లింగం దవాఖానంతా వినపడేట్టు ఒప్పేసుకున్నాడు: "అది సుత నా మేకనే తిన్నది!"